తొట్టిలో ఎర్ర ముక్కు

నిన్న పొద్దున తోటలో ఒక మూల పడి ఉన్న పెద్ద మట్టి తొట్టి కనిపించింది, ఖాళీదే కదా, బంతి నారు పోద్దాం అనుకుని మట్టి గుల్ల చేయడానికి చెయ్యి పెట్టాను. రెండు వేళ్ళ లోతు కూడా వెళ్ళకుండానే గట్టిగా, నున్నగా ఏదో తగిలింది. మట్టి మెల్లగా పక్కకి తోసి చూస్తే ఒక దుంప మెడ, ఆ మెడ పక్కనుంచి చిలక ముక్కులాగా ఎర్రటి మొన ఒకటి పైకి చూస్తోంది. అంతే, అక్కడే కూర్చుండిపోయాను. చేతికి ఒక వాసన అంటుకుంది, తడి మట్టి, ఎండిన దుంప పొర, కాస్త పచ్చివాసన మూడూ కలిసి ఉంటాయి అందులో, దుంపలు తవ్వినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అది మా మేనత్త చేతుల వాసన.

అత్త పోయి ఏడాది కావస్తోంది. ఆ ఇల్లు ఖాళీ చేసినప్పుడు తెచ్చుకున్న దుంపల్లో ఇదొకటి. అప్పుడు మనసు మనసులో లేదు, ఈ తొట్టిలో ఎప్పుడు పెట్టానో కూడా గుర్తు లేదు, తర్వాత దాని మీద ఎండుటాకులు పడ్డాయి, ఇంకో తొట్టి తిరగేసినప్పుడు ఆ మట్టి కూడా దీంట్లోనే పోసినట్టున్నాను, పూర్తిగా మర్చిపోయాను. అది మాత్రం చలి తగ్గి ఎండ కాస్త వెచ్చబడగానే లేచి కూర్చుంది. రాత్రంతా అత్త తోటే కళ్ళ ముందు తిరుగుతుంటే ఇవాళ రాయడం మొదలెట్టాను. వరస ఏం ఉండదు, ఏది ముందు గుర్తొస్తే అది రాస్తున్నా.

అత్తావాళ్ళింట్లో నాకు అలారం అంటే తొలిక చప్పుడే. ఇంకా పూర్తిగా తెల్లారకుండానే పెరట్లో చిన్న తొలికతో మట్టి గీకుతూ ఉండేది, గీకుడు, ఆగడం, రాయి ఏరి పక్కకి విసరడం, మళ్ళీ గీకుడు. తర్వాత నీళ్ళ చప్పుడు. పాత నూనె డబ్బాకి మేకుతో చిల్లులు పొడిచి చేసుకున్న నీళ్ళ డబ్బా ఉండేది, దాన్ని ఎత్తి పట్టుకుని మడి మీదుగా నడిస్తే సన్నటి జల్లు పడేది, నేను పక్క మీద పడుకునే వానొచ్చిందేమో అనుకునేదాన్ని. చిల్లులు మూసుకుపోతే పిన్నీసుతో గుచ్చడం నా పని. ఆ పని నాది అని అత్త ఎప్పుడూ అనలేదు గానీ నేను వెళ్ళేదాకా చిల్లులు మూసుకుపోయే ఉండేవి.

అత్తకి పిల్లలు లేరు. మావయ్య తక్కువ మాట్లాడే మనిషి. సెలవులిస్తే చాలు నన్ను అక్కడ దింపేసేవారు, నేను వెళ్ళగానే చెప్పుల కాళ్ళతోనే పెరట్లోకి పరిగెత్తేదాన్ని, ఏం లేచాయి ఏం లేవలేదు అని చూడ్డానికి. ఆ చూడ్డం అత్త నేర్పిందే. తోటకి చుట్టాలెవరైనా వస్తే పూల దగ్గర నిలబడి ఎంత బాగున్నాయో అంటారు కదా, అత్త మాత్రం అప్పుడు కూడా కింద నేలకేసే చూస్తూ ఉండేది. "పువ్వు అందరికీ కనిపిస్తుందే, దాన్నేం చూస్తావ్, ఇటు రా, ఇది చూడు" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి మోకాళ్ళ మీద కూర్చోబెట్టేది. అక్కడ మట్టి సన్నగా బీటిచ్చి ఉండేది, ఇంకేం ఉండేది కాదు. ఆ బీట లోపల, వంగి కళ్ళు చిట్లించి చూస్తే, తెల్లగానో లేత పచ్చగానో ఒక మొన. అత్త ముఖంలో ఆ క్షణంలో కనపడే సంతోషం నేను ఇంకెక్కడా చూడలేదు.

మొన కనపడగానే దాని పక్కన ఒక పుల్ల గుచ్చేది. ఎవరూ తొక్కకుండా ఒక గుర్తు, రెండోది కొలత. ఇవాళ ఎంత ఎత్తుందో పుల్ల మీద గోటితో గీత, రేపు ఇంకో గీత. ఎర్ర లిల్లీ కాడ ఊపు మీదుంటే ఒక్క రోజులో వేలి వెడల్పు పెరిగేది, నేను సాయంత్రం కూడా వెళ్ళి గీత పెట్టేసేదాన్ని, అత్త నవ్వేది. ఆ వచ్చే మొన ఆకా మొగ్గా అన్నది కూడా పందెం మాకు. చదునుగా, అంచు గుండ్రంగా ఉంటే ఆకు. మెడ పక్కనుంచి కాస్త లావుగా, ముక్కులా కొస తేలి వస్తే మొగ్గ. నిన్న తొట్టిలో చూసింది అందుకే ఒక్క చూపులో గుర్తు పట్టగలిగాను.

ఈ ఎర్ర లిల్లీని అందరూ అమరిల్లిస్ అనే అంటారు, నేనూ చాలా ఏళ్ళు అదే అనుకున్నా. పెద్దయ్యాక తెలిసింది, ఇళ్ళల్లో మనం పెంచేది హిప్పియాస్ట్రమ్, అది దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, అసలు అమరిల్లిస్ దక్షిణాఫ్రికాది, రెండూ ఒకే కుటుంబం. అత్తకి చెప్తే "మరి ఇన్నేళ్ళూ వేరే పేరుతో పిలిస్తే పలికిందే పాపం" అంది, నిజంగా దాని మీద జాలేసి.

ఆవిడకి పుస్తకాల పేర్లు తెలీవు గానీ దుంపల్లో రకాలు మాత్రం చేత్తో తడిమి చెప్పేది. పొరలు పొరలుగా ఉంటే ఉల్లి జాతి అనేది, లిల్లీలన్నీ అందులో. కోస్తే లోపల పొరల్లేకుండా గట్టిగా ఒకటే ముద్దగా ఉంటే కంద జాతి, గ్లాడియోలస్ అది. నేలలో అడ్డంగా పాకుతూ కణుపు కణుపుకీ మొలకెత్తేది అల్లం జాతి, మెట్టతామర అందులోకొస్తుంది. డేలియా చిలగడదుంప జాతి, ఎందుకంటే దాని వేళ్ళే ఉబ్బి దుంపలవుతాయి. కాలేజీలో బల్బు, కార్మ్, రైజోము, వేరుదుంప అని నాలుగు బొమ్మలు గీసి చెప్తుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను, నాలుగూ మా అత్త గంపలో చూసినవే, విడదీసిన తీరూ అదే.

ఆ గంప గురించి చెప్పాలి. ఆకులు పండి ఒరిగిపోయాక గ్లాడియోలస్ దుంపలు గునపంతో దూరంగా పొడిచి పైకి లేపేది, దగ్గరగా పొడిస్తే తెగుతాయి అని. మట్టి దులిపి, కడక్కుండా, నీడలో పాత గుడ్డ మీద ఆరబోసేది. ఆ పనికి మధ్యాహ్నమంతా పట్టేది, ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. దుంపని తిప్పి చూస్తే అడుగున పోయినేటిది ఎండిపోయి ముడుచుకుని అట్టలాగా అంటుకుని ఉంటుంది, దాని మీద ఈ ఏటి కొత్త దుంప కూర్చుని ఉంటుంది, ఏటేటా పాతదంతా కరిగి కొత్తదానికి పోతుంది. ఆ ఎండిన అట్టని బొటనవేలితో నెట్టితే టక్ మని ఊడొస్తుంది. ఆ టక్ మనే చప్పుడు కోసం నేను అత్త వాటా కూడా లాక్కునేదాన్ని. అడుగున బఠాణీ గింజలంత పిల్లలు పదీ పదిహేను ఉండేవి, అవి పూయడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, అయినా ఒక్కటి పారేసేది కాదు, వాటికి వేరే సంచి.

ప్రతి దుంపనీ వేలితో నొక్కి చూసేది. గట్టిగా ఉంటే గంపలోకి, మెత్తగా తగిలితే పక్కకి. ఒక మెత్తటిది గంపలో పడితే మిగతావన్నీ దాని దారి పడతాయి. ఒక ఏడు ఎలకలు దూరి గ్లాడియోలస్ సగం తినేశాయి, లిల్లీ దుంపల జోలికి మాత్రం పోలేదు. తర్వాత చదివాను, ఆ కుటుంబంలో హిప్పియాస్ట్రమ్, డాఫొడిల్ లాంటి వాటి దుంపల్లో లైకోరిన్ అనే చేదు విషం ఉంటుంది, మనుషులు తిన్నా వాంతులే. ఇంట్లో చిన్నపిల్లలో కుక్కలో ఉన్నవాళ్ళు ఎత్తులో పెట్టుకోవాలి, ఇది మాత్రం మర్చిపోకండి.

డేలియా దగ్గర నాకో పాత ఏడుపు ఉంది. ఎండబెట్టిన గుత్తిలోంచి అన్నిటికన్నా లావుగా, అందంగా ఉన్న దుంప ఒకటి విరిచి తీసుకుని నా సొంత మడిలో పాతాను. నీళ్ళు పోశాను, పుల్ల గుచ్చాను, రోజూ చూశాను. పక్కన సన్నగా వంకరగా ఉన్నవి లేచి ఆకులేస్తున్నా నాది లేవలేదు. చివరికి అత్త తవ్వి చూపించింది, దుంప భేషుగ్గా ఉంది, చుట్టూ సన్నటి వేళ్ళు కూడా వచ్చాయి, కానీ కన్ను లేదు. డేలియాకి మొలక దుంప మీద రాదు, దుంపలన్నీ కలిసే ఆ మెడ దగ్గర వస్తుంది, మెడ ముక్క లేకుండా విరిస్తే అది అలాగే నేలలో ఉండి ఉండి కుళ్ళిపోతుంది. మొలకే రాకపోయినా వేళ్ళేసుకుని ఎదురు చూసింది కదా అని నేను చాలాసేపు ఏడ్చాను. అత్త ఏమీ అనలేదు, పక్కన కూర్చుంది.

అసలు లోపల ఏముంటుంది అనే పిచ్చి మొదలైంది కూడా అప్పుడే అనుకుంటా. మొక్క బయటికి రావడం ఆలస్యమైతే తవ్వి చూసేసేదాన్ని. మట్టి మళ్ళీ కప్పేసినా అత్తకి తెలిసిపోయేది. ఒక రోజు ఒక పక్క కుళ్ళిన లిల్లీ దుంప తీసుకుని, చాకుతో నిలువుగా రెండు చెక్కలు చేసి, "ఎప్పుడూ తవ్వుతావుగా, రా చూపిస్తా" అంది. పొరలు పొరలుగా తెల్లగా, మధ్యలోకి వెళ్ళేకొద్దీ సన్నగా. సూది మొనతో ఆ పొరల మధ్య మెల్లగా విడదీసి చూపించింది, బియ్యపు గింజంత, లేత పసుపులో, ముడుచుకుని, ఒక మొగ్గ. దాని పక్క పొరల్లో ఇంకోటి, కంటికి ఆనీ ఆననంత. "ఇది వచ్చే ఏటిది. ఇదేమో పై ఏటిది" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. హిప్పియాస్ట్రమ్ దుంపలో నాలుగు ఆకులకి ఒక మొగ్గ చొప్పున లోపలే తయారవుతుందని, మన కంటికి కనపడే పువ్వు ఎప్పుడో ముందే మొదలైందని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం అత్తే దేవుడిలా కనపడింది, వచ్చే ఏడు ఏం జరుగుతుందో చూపించింది కదా.

అంత చూపించాక కూడా నేను ఆ ఆకుల పని చేశాను. పూలు అయిపోయాక లిల్లీ ఆకులు చిందరవందరగా నలుదిక్కులా పడి ఉంటాయి, చూడ్డానికి బాగోవు. అత్త ఎక్కడికో వెళ్ళిన పూట నేను మడంతా శుభ్రం చేసి పెడదాం అనుకుని వరసలో ఉన్న ఆకులన్నీ కత్తెరతో నున్నగా కోసేశాను. ఎంతో ముచ్చటగా కనపడింది నాకు. అత్త వచ్చి చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తిట్టలేదు, "బాగా ఊడ్చావే" అంది, అంతే. తరవాతి ఏడు ఆ వరస మొత్తంలో ఒక్క పువ్వు రాలేదు. ఆకులు మాత్రం వచ్చాయి, సన్నగా. ఎందుకు పూయలేదు అత్తా అని నేనే అడిగితే అప్పుడు చెప్పింది, పువ్వు అయ్యాక ఆకులు ఎండ తిని దుంపకి పెడతాయే, అవి వాటంతట అవి పండేదాకా ముట్టుకోకూడదు, నిరుడు దానికి తిండి లేదు. ఏడాది పాటు ఆ మాట మనసులో పెట్టుకుని, నేను అడిగేదాకా ఆగింది. ఆ వరస మళ్ళీ నిండుగా పూయడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఇప్పటికీ ఎవరి తోటలోనైనా పచ్చగా ఉన్న దుంప ఆకుల్ని జడలల్లి ముడేసినా, కోసేసినా నాకు ప్రాణం ఉసూరుమంటుంది, చొరవ తీసుకుని చెప్పేస్తాను కూడా, ఆరు వారాలు ఓపిక పట్టండి అని.

నారు సంగతి వేరు, అది పూర్తిగా చప్పుడు లేని పని. దుంపకి తన తిండి తన దగ్గరుంటుంది, కాస్త మరిచిపోయినా బతుకుతుంది, గింజకి ఆ వెసులుబాటు లేదు. చెక్కపెట్టెల్లో మట్టి జల్లెడ పట్టి పోసేది అత్త, ఆ జల్లెడ సర్ సర్ మనే చప్పుడు ఒక్కటే. పైన అరచేత్తో చదును చేయడం. పెద్ద గింజలు, చంద్రకాంత లాంటివి, వేలు గుచ్చి ఒక్కొక్కటీ వేయాలి. బంతి గింజలు తోకలు పైకి ఉండేలా పక్కపక్కన పరిచి పైన పలచగా మట్టి దులపాలి. పెటూనియా గింజ అయితే ధూళి లాగా ఉంటుంది, దాన్ని పొడి ఇసకలో కలిపి చల్లేది, పైన మట్టి కప్పేది కాదు, దానికి వెలుగు తగలాలి. "ఊపిరి బిగబట్టు" అనేది, నేను నిజంగానే ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. తడి గోనె కప్పి, దాని మీద నీళ్ళు చిలకరించేవాళ్ళం. ఇక రోజుకి రెండు సార్లు గోనె అంచు ఎత్తి చూడ్డం. మొదటి మొలక కనపడిన క్షణం గోనె తీసెయ్యాలి, ఒక్క పూట ఆలస్యమైనా పాలిపోయి పొడుగ్గా సాగిపోతాయి.

చిక్కుడు గింజ లేవడం ఎప్పుడైనా దగ్గరగా చూశారా? తల ముందు రాదు. మెడ వంచుకుని, ఆ వంపుతో మట్టిని పైకి ఎత్తుతుంది, తల ఇంకా లోపలే దాచుకుని ఉంటుంది. పూర్తిగా పైకి వచ్చి వెలుగు తగిలాక అప్పుడు మెల్లగా నిటారవుతుంది, లేత కొస రాపిడికి చెడిపోకుండా అలా వస్తుంది. గింజ పెంకు ఇంకా నెత్తి మీదే టోపీలా ఉండేది కొన్నిటికి. నేను తీసేయబోతే అత్త చెయ్యి పట్టుకుని ఆపేది, ఒక నీటి బొట్టు వేలి కొసతో దాని మీద పెట్టేది, నానితే అదే ఊడిపోతుంది అని.

తొలి రెండాకులు చూసి ఏ మొక్కో చెప్పలేం అంటారు, అత్త చెప్పేది. అవి అసలు ఆకులు కావు, గింజలోవే, బడిలో బీజదళాలు అని చదివాం. వాటి మధ్యనుంచి వచ్చే రెండో జత అసలు ఆకులు, అవి విప్పుకున్నాకే నారు విడదీసేది. అదీ సాయంత్రం, ఎండ దిగాక. చిన్న పుల్లతో కిందనుంచి లేపి, తొలి ఆకు పట్టుకుని ఎత్తాలి, కాడ పట్టుకోకూడదు. "ఆకు పోతే ఇంకోటి వేసుకుంటుంది, కాడ నలిగితే ఏం చేసుకుంటుందే" అనేది. ఒత్తుగా మొలిచిన చోట పలచన చేయడం మాత్రం అత్తకి చేతనయ్యేది కాదు, పీకిన ప్రతిదాన్నీ ఎక్కడో అక్కడ గుచ్చేది, పెరట్లో నడవడానికి దారి ఉండేది కాదు చివరికి.

కిటికీ గట్టు మీద పెట్టిన పెట్టెని రోజూ పొద్దున్నే కొద్దిగా తిప్పేది. తిప్పకపోతే మొలకలన్నీ ఒకవైపే ఒరిగిపోతాయి. ఎలా తెలుస్తుంది వాటికి వెలుగెటుందో, కళ్ళు లేవు కదా అని నేను అడిగితే "నెత్తికి తెలుస్తుంది" అంది. 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి జాతి మొలకల కొసలకి చిన్న టోపీలు తొడిగి చూశారట, కొస కప్పేస్తే మొలక వెలుగువైపు వంగలేదు, కొస వదిలేసి కింద కాడ కప్పితే వంగింది. అది చదివిన రోజు వెంటనే అత్తకి ఫోన్ చేశాను. నెత్తికే తెలుస్తుందట అత్తా, నువ్వన్నదే. "మరి నేనేం చెప్పాను" అంది, ఆ గొంతులో గర్వం ఇప్పటికీ వినిపిస్తుంది నాకు.

ఒకసారి నా వల్ల ఒక పెట్టె మొత్తం పోయింది. అత్తకి జ్వరం, నారు నేనే చూసుకుంటా అన్నాను. ప్రేమ ఎక్కువై రాత్రి పడుకోబోయే ముందు కూడా నీళ్ళు పోసి, చలేస్తుందేమో అని గోనె కప్పేశాను. పొద్దున గోనె తీస్తే నిన్న సాయంత్రం నిలబడి ఉన్నవన్నీ అడ్డంగా పడి ఉన్నాయి, మట్టి దగ్గర కాడ దారంలా సన్నబడి, నీరు పట్టి. నారుకుళ్ళు. తడి మట్టిలో గాలాడకపోతే పితియం లాంటి బూజుజాతి సూక్ష్మజీవులు రేగి ఒక్క రాత్రిలో పెట్టె ఊడ్చేస్తాయి. అత్త జ్వరంతోనే లేచొచ్చి, ఒక మూల ఇంకా నిలబడున్న పది పన్నెండింటిని స్పూనుతో లేపి పొడి ఇసక కలిపిన మట్టిలో పెట్టింది, మిగతా మట్టి దూరంగా పారబోయించింది, పెట్టెని మరిగే నీళ్ళతో కడిగించింది. ఆ పది పన్నెండులో తొమ్మిది బతికాయి. వాటి పూలు ఏ రంగో కూడా గుర్తుంది, ఊదా, మధ్యలో తెలుపు.

నేలసంపెంగ మాత్రం రాత్రి సంగతి. పగలు ఆ తెల్ల పూలని ఎవరూ పట్టించుకునేవారు కాదు, చీకటి పడితే గడప దాటి లోపలిదాకా వచ్చేసేది వాసన. లైటు ఆపేసి మెట్ల మీద కూర్చుంటే పెద్ద చిమ్మటలు రెక్కల చప్పుడు తెలిసేంత దగ్గరగా వచ్చేవి. మావయ్య కూడా వచ్చి కూర్చునేది ఆ ఒక్క వేళే, ముగ్గురం మాట్లాడకుండా చాలాసేపు ఉండేవాళ్ళం. నేలసంపెంగలో ఒకసారి పూసిన తల్లి దుంప మళ్ళీ పూయదు. దాని పక్కన చేరిన పిల్లలు పూస్తాయి. అందుకే గుబురు గుబురుగా అలాగే ఉంచేది, మరీ ఇరుకైతేనే విడదీసేది.

తర్వాత ఉద్యోగం వచ్చి చలి ఎక్కువుండే దేశం వెళ్ళాను, చాలా ఏళ్ళు. మొదటి చలికాలం చివర్లో, నేలంతా ఇంకా తెల్లగా ఉండగా, ఆఫీసుకి నడిచే దారిలో మంచులోంచి ఊదా రంగు క్రోకస్ పువ్వు ఒకటి పైకొచ్చి ఉంది, దాని చుట్టూ మంచు గుండ్రంగా కరిగి చిన్న గుంటైంది. బస్సు వెళ్ళిపోయినా పట్టించుకోలేదు. ఫోన్ చేసి చెప్తే అత్త నమ్మలేదు. "మంచులోంచా? ఆకు లేకుండానా? దాని కాళ్ళు చల్లబడవూ?" వరసగా ప్రశ్నలు. నేను ఇంటి వెనక జానెడు నేలలో ట్యూలిప్, డాఫొడిల్ దుంపలు వేశాను, ఆకులు రాలే కాలంలో పాతాలి, దుంప ఎత్తుకి మూడింతలు లోతు. ట్యూలిప్‌కి మూడు నెలల పైన చలి పడితేగానీ పువ్వు సరిగ్గా రాదు. మా ఎర్ర లిల్లీకి ఎండాకాలం ముందటి వెచ్చదనం ఎలాగో దీనికి చలి అలాగ. పాతిన వారానికే ఉడతలు తవ్వి సగం ట్యూలిప్‌లు ఎత్తుకుపోయాయి, డాఫొడిల్స్ వదిలేశాయి. అత్తకి చెప్తే ఎలకల సంగతి గుర్తొచ్చి ఇద్దరం ఫోన్లో నవ్వుకున్నాం.

అప్పట్నించీ ప్రతి ఆదివారం ట్యూలిప్ కబుర్లే. 1590ల్లో క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త హాలండులోని లైడెన్ ఊరి తోటలో వాటిని పెంచడం, తర్వాత ఆ దేశంలో వాటికోసం జనం వెర్రెత్తిపోవడం, దుంప నేలలో ఉండగానే కాగితాల మీద చేతులు మారడం, 1637 ఫిబ్రవరిలో ఒక్కసారిగా కొనేవాళ్ళు లేక కూలిపోవడం అంతా కథలా చెప్పాను. అన్నిటికన్నా ఎక్కువ విలువ చారల ట్యూలిప్‌కి ఉండేది. ఆ చారలు ఒక వైరస్ జబ్బు, పేనుబంక పురుగుల వల్ల వ్యాపిస్తుంది, జబ్బు దుంపనుంచి మంచి దుంపకి అంటుతుందని 1928లో డొరోతీ కేలీ అనే ఆవిడ తేల్చింది. అత్త కాసేపు మాట్లాడలేదు. "అయ్యో, జొరం వచ్చిన పిల్లని చూసి బుగ్గలు ఎర్రగా ఉన్నాయని మురిసిపోయినట్టు" అంది.

ఏప్రిల్లో మిగిలిన ట్యూలిప్‌లు పూశాయి. ఫొటోలు పంపాను. పువ్వుల ఫొటోలు చూసి బాగున్నాయి అంది, అంతకు ముందు మార్చిలో ఎర్రగా చుట్టుకున్న ఆకు మొనల ఫొటో పంపినప్పుడు మాత్రం మావయ్యని పిలిచి, పక్కింటివాళ్ళని పిలిచి చూపించిందట. పక్కన పుల్ల ఏదీ అని అడిగింది. మర్నాడు పుల్ల గుచ్చి మళ్ళీ ఫొటో తీసి పంపాను.

మావయ్య ముందు వెళ్ళిపోయాడు. అత్త చివరి రెండేళ్ళు కింద కూర్చోలేకపోయింది, కుర్చీ వేసుకుని కర్రతో చూపిస్తూ ఉండేది. నేను తిరిగొచ్చి ఇక్కడ ఇల్లు తీసుకున్నాక వీలున్నప్పుడల్లా వెళ్ళేదాన్ని, కర్ర చూపించిన చోట వంగి ఏం ఉందో చెప్పేదాన్ని. కళ్ళు మసకలు. "ఆకా మొగ్గా?" అనేది. మొగ్గే అత్తా అంటే తల ఊపేది.

ఆవిడ పోయాక ఇల్లు అప్పజెప్పే ముందు ఒక రోజు ఒక్కదాన్నే వెళ్ళాను. నీళ్ళు లేక పెరడంతా గట్టిపడి ఉంది, పైన ఏమీ లేదు, ఎవరైనా చూస్తే ఇక్కడెప్పుడూ తోట లేదనే అనుకుంటారు. నాకు వరసలు తెలుసు. గునపం దూరంగా పొడిచాను. దుంపలు మేం పాతిన లోతులో లేవు, ఇంకా కిందకి వెళ్ళిపోయాయి. లిల్లీ జాతి వేళ్ళలో కొన్ని ముడుచుకుని దుంపని కిందకి లాగుతాయి, ఏటా కొంచెం కొంచెం, ఎండ తగలని లోతుకి. చీకటి పడేదాకా తవ్వాను. ఎర్ర లిల్లీలు, వాన లిల్లీలు, నేలసంపెంగ గుబుర్లు రెండు. గ్లాడియోలస్ ఒక్కటీ దొరకలేదు. వసారాలో గంప అలాగే ఉంది, అడుగున చిన్న గుడ్డ సంచి, అందులో బఠాణీ గింజలంత పిల్లలు, మూతికి దారం కట్టి.

ఆ పిల్లల్ని ఈ ఏడు పాతాను, గడ్డిపోచల్లా సన్నటి ఆకులొచ్చాయి, ఇంకో రెండేళ్ళు ఆగాలి. బంతి నారు వేరే పెట్టెలో పోశాను, ఊపిరి బిగబట్టి కాదు గానీ దాదాపు అలాగే. పెద్ద తొట్టిలో మెడ పైకి కనపడేలా మట్టి తీసేసి, నిన్న సాయంత్రం ఒక పుల్ల గుచ్చి గోటితో గీత పెట్టాను. ఇందాక వెళ్ళి చూసొచ్చా. గీత దాటింది, మొగ్గే అత్తా.